చేతికంటిన లై

బైండరమ్మకు కుక్కపిల్లని ఇచ్చింది ఎలుకల కోసం. ఈ మాట ముందుగా చెప్పుకోవాలి. తర్వాత ఎవరడిగినా ఆమె చెప్పిందీ అదే. ముద్దుకు కాదు, తోడుకు అసలే కాదు. ముసురు పట్టి వారమైంది. షాపు వెనక గదిలోకి ఎలుకలు చేరి, ఒక బడివాళ్ళు బైండింగుకిచ్చిన హాజరు రిజిస్టర్ల మూలలు కొరికేశాయి. ఆమె చేతికిందికి వచ్చిన కాగితం వచ్చినప్పటికంటే పాడవడం అదే మొదటిసారి. రెండు రోజులు అన్నం సయించలేదు.

ఆ సంగతి ఎదురు వరసలో పంక్చర్లు వేసే టైర్ల అతనికి తెలిసింది. గురువారం పొద్దున్నే ఒక అట్టపెట్టె పట్టుకుని షాపు మెట్టెక్కాడు.

"అక్కా, ఇదిగో నీకు పోలీసు."

బైండరమ్మ కళ్ళద్దాలు పైకి నెట్టుకుని పెట్టెలోకి చూసింది. లోపల ఉన్నది ఆమె రెండు అరచేతులంత ఉంది. గోధుమరంగుది. గోనెగుడ్డ మీద నాలుగు కాళ్ళూ ఎడంగా పెట్టి, నిలబడాలా కూర్చోవాలా అన్నట్టు ఊగుతోంది.

"ఇదా పోలీసు? ఎలుకొస్తే ముందు ఇదే నా వెనక దాక్కుంటుంది."

"పెరుగుతుందిగా. వాళ్ళమ్మ మొన్న లారీ కింద పడి పోయింది. నాలుగు పిల్లలు. మూడింటికి దిక్కు దొరికింది, ఇది మిగిలింది."

"మిగిలినదాన్ని నాకు అంటగడుతున్నావన్నమాట."

"అది కాదక్కా. మా ఇంట్లో చూస్తే కాలు పెట్టే చోటుండదు. నీకైతే అంతా ఖాళీయే కదా అని..." అనేసి నాలిక్కరుచుకున్నాడు.

ఆమె విననట్టే పెట్టె అందుకుంది.

బైండరమ్మకు యాభై మూడేళ్ళు. అసలు పేరు ఒకటుంది గానీ అది ఎవరి నోటా వినబడదు. షాపు బోర్డు మీద తండ్రి పేరే ఉంది, కరెంటు బిల్లు ఇప్పటికీ ఆయన పేరు మీదే వస్తుంది. తొమ్మిదేళ్ళప్పుడు కాగితాలు మడత పెట్టడానికి ఆయన పక్కన కూర్చుంది, లేవలేదు. తమ్ముడు చదువుకుని ఉద్యోగం వెతుక్కుని ఊరికి ఆ కొసన కాపురం పెట్టాడు. ఆమెకు ఒకసారి ఒక సంబంధం కుదిరేదాకా వచ్చింది. అంతలో అవతలివాళ్ళు ఊరు మారారు. ఎవరూ కాదనలేదు, ఎవరూ అవుననలేదు, మాట అలా గాలిలో ఉండిపోయింది. తండ్రి పోయాక షాపు ముందు గదిలో పని, వెనక గదిలో వంటా పడకా. రోజులో ఆమె నోరు విప్పేది పుస్తకం ఇవ్వడానికి వచ్చినవాళ్ళతో, పట్టుకెళ్ళడానికి వచ్చినవాళ్ళతో. ఈ మధ్య వాళ్ళూ తగ్గారు. బైండింగుకి పుస్తకమనేది ఉంటేగా.

ఆ షాపులో ఏ పుస్తకం దిగినా ముందు ఒక చీటీ పుడుతుంది. వచ్చిన తేదీ, ఏ స్థితిలో వచ్చింది, చేయాల్సిన పని. అది తండ్రి పెట్టిన పద్ధతి. వచ్చినప్పుడు ఎలా ఉందో రాసుకోకపోతే పోయేటప్పుడు బాగుపడిందని ఎలా తెలుస్తుంది అనేవాడు. బైండరమ్మ అలవాటు కొద్దీ ఒక చీటీ చింపి రాసింది: 'గురువారం. ఆడది. కుడి చెవి కొస చిరిగింది. పొట్ట ఉబ్బు. తోక బాగుంది.' చేయాల్సిన పని దగ్గరికొచ్చేసరికి కలం ఆగింది. ఎలుకలు పట్టడం అని రాద్దామనుకుంది. కుక్కపిల్ల పెట్టెలోంచి బయటికి రావడానికి కాలెత్తి, దాటలేక వెనక్కి వెల్లకిలా పడింది. ఆ గడి ఖాళీగానే వదిలేసింది.

ఆ రోజు, మర్నాడు కుక్కపిల్ల ఏమీ ముట్టలేదు. సాసరులో పాలు పోస్తే ముక్కు ముంచి తుమ్మింది. రొట్టె నానబెడితే దాని మీద కాలేసి నిలబడింది. దూదిని పాలలో ముంచి నోటి దగ్గర పెడితే దూది లాక్కుంది, పాలు పోయాయి. సన్నగా, గుమ్మం తలుపు కిర్రుమన్నట్టు ఏడ్చింది. కుక్కని పెంచడం ఆమెకు కొత్త. పిల్లినైనా పెంచలేదు. ఏం చేయాలో ఎవర్నడగాలో తెలియక, దాని పెట్టెని పనిబల్ల కింద తన కాళ్ళ దగ్గర పెట్టుకుని రిజిస్టర్లు కుడుతూ కూర్చుంది.

"ఒసేయ్, నువ్వలా ఏడిస్తే నా సూది తప్పుతోంది," అంది.

తన గొంతు తనకే వింతగా వినబడింది.

శనివారం మధ్యాహ్నం ఆమె అట్టలకు గుడ్డ అంటిస్తోంది. మైదాపిండి ఉడకబెట్టి చేసే జిగురుని ఆ పనిలో లై అంటారు. బ్రష్షు కంటే వేళ్ళతో రాస్తే మూలల దగ్గర గుడ్డ బాగా కూర్చుంటుంది. ఎడమచెయ్యి వేళ్ళకు లై అంటుకుని ఉండగా, కుడిచేత్తో గుడ్డ నిమురుతూ, ఎడమచేతిని బల్ల పక్కన వేలాడదీసింది. వేళ్ళకు ఏదో వెచ్చగా, గరుగ్గా తగిలింది.

కుక్కపిల్ల పెట్టెలోంచి ఎలా వచ్చిందో వచ్చింది. రెండు కాళ్ళు ఆమె చెప్పు మీద వేసి వేళ్ళు నాకుతోంది. ఒక వేలు అయ్యాక ఇంకో వేలు. గోళ్ళ సందుల్లో ఉన్నది కూడా వదల్లేదు.

బైండరమ్మ కదల్లేదు. గుడ్డ ముడత పడుతోందని తెలుసు, అయినా కదల్లేదు. ఆమె చేతిని ఎవరైనా పట్టుకుని ఎన్నేళ్ళయిందో ఆమెకు గుర్తు లేదు.

"ఓసి నీ పొట్ట బంగారం కానూ! ఇది కావాలా నీకు?" అంది. మళ్ళీ వేళ్ళు గిన్నెలో ముంచింది. పిండేగా, అనుకుంది.

పిండే. కాకపోతే అందులో ఇంకొకటి ఉంటుంది. లై ఉడికి దించాక, చల్లారేలోపు మైలుతుత్తం నూరి కలుపుతారు. నీలంగా మెరిసే రాయి, చిటికెడు చాలు. లై పులియదు, పుస్తకానికి పురుగు పట్టదు. తొమ్మిదేళ్ళప్పుడు తండ్రి గంటె కొసన లై తీసి ఆమె నాలుక మీద రాశాడు. పచ్చివాసన పోయిందో లేదో అలా చూడాలని. "ఇప్పుడే చూడు. నీలంరాయి వేశాక నాలిక్కి తగలనివ్వకు," అన్నాడు. అంతే. ఎందుకని ఆమె అడగలేదు, ఆయన చెప్పలేదు. కొన్నేళ్ళకు రుచి చూడాల్సిన పనే పోయింది. గంటె గిన్నెకు తగిలే చప్పుడు చాలు. పలుచగా ఉంటే టక్కుమంటుంది, ఉడికిందంటే డుబ్బుమంటుంది. నాలుకతో పని లేకుండా పోయాక, నాలుక గురించి చెప్పిన మాటా ఎక్కడో అడుగున పడిపోయింది. నలభై ఏళ్ళుగా వేళ్ళు ఆ లైలోనే ఉన్నాయి. అన్నం ముద్దలాగా, నీళ్ళలాగా అది చేతికి అలవాటైపోయింది.

ముసురుకి లై తొందరగా పులుస్తోందని ఆ వారం ఆమె చిటికెడుకి చిటికెడు ఎక్కువే వేసింది.

ఆదివారం మరదలు ఫోన్ చేసింది. తమ్ముడి తరఫున వారానికోసారి ఫోన్ చేసే బాధ్యత ఆమెదే.

"కుక్కా? ఈ వయసులో నీకెందుకు వదినా ఆ బెడద?"

"ఎలుకలకి."

"దానికి కుక్కెందుకు? రెండు మందు ఉండలు పెడితే సరి."

"మందు పెడితే ఇది తినదూ? ఇంట్లో విషం పెట్టుకుంటామా ఎక్కడన్నా," అంది బైండరమ్మ. అంటూనే కిందికి వంగి ఎడమచేతి వేళ్ళు అందించింది.

"ఏంటి వదినా, నవ్వుతున్నావా?"

"లేదు. ఇది... చక్కిలిగిలి పెడుతోంది."

వదిన నవ్వగా విని మరదలికీ చాలా కాలమైంది.

సోమవారం కుక్కపిల్ల వాంతి చేసుకుంది. మధ్యాహ్నం మళ్ళీ. సాయంత్రానికి విరేచనాలు. మంగళవారం పొద్దున పెట్టెలో ఒక పక్కకి పడుకుని, పిలిస్తే కళ్ళు మాత్రం తిప్పింది. బైండరమ్మ పుస్తకాల వీపులకు వేసే తెల్ల కాలికో గుడ్డ మూరెడు కత్తిరించి, దాన్ని అందులో చుట్టి, పెట్టెలో పెట్టుకుని, షాపుకు తాళం వేసింది. పనిరోజు పొద్దున ఆ తలుపుకి తాళం పడటం చూసి టైర్ల అతను పంక్చరు వదిలేసి లేచి నిలబడ్డాడు.

పశువుల ఆసుపత్రి రెండు వీధుల అవతల. వసారాలో ఒక మేక, ఒక బుట్టలో పిల్లి, వాటి మనుషులు. లోపల బల్ల వెనక డాక్టరు. జుట్టు నెరిసినవాడు, కళ్ళకింద సంచులు. కాంపౌండరు బొద్దుగా ఉన్నాడు, గోడకు తగిలించిన అల్మారా తెరుస్తూ మూస్తూ తిరుగుతున్నాడు.

బైండరమ్మ ఏమీ చెప్పకుండా ముందు చీటీ అందించింది. అందులో గురువారం నుంచీ అన్నీ ఉన్నాయి. ఎన్నిసార్లు వాంతి, ఎప్పుడు విరేచనం, పాలు ఎన్ని చెంచాలు పోసింది.

డాక్టరు చదివి కనుబొమ్మలెత్తాడు. "చూశావా? మనిషిలా రాయడమంటే ఇదీ. నువ్వూ ఉన్నావు."

"మీ చేతిరాత మందుల షాపువాడికే అంతుబట్టదు, నన్నంటారు," అన్నాడు కాంపౌండరు.

డాక్టరు కుక్కపిల్ల పొట్ట నొక్కి చూశాడు. చిగుళ్ళు చూశాడు. "పాలు కాకుండా ఇంకేమన్నా పెట్టారా అమ్మా?"

"రొట్టె పెట్టాను. తినలేదు."

"బయటికెళ్ళి చెత్త ఏమన్నా నాకిందా? ఇంట్లో ఎలకల మందు గానీ..."

"నేను మందు పెట్టను," అంది గట్టిగా.

అబద్ధం చెప్పాలని కాదు. అడిగినదానికి సమాధానం చెప్పింది. లై అనేది షాపులో ఉండే వస్తువు. ఆయన అడిగింది తిండి గురించి.

"పిల్లలకొచ్చే వైరసు కావచ్చు. రక్తం పడుతుందేమో చూస్తూ ఉండండి. ఇంజెక్షను ఇస్తాను, ఉప్పూ పంచదారా కలిపిన నీళ్ళు పట్టించండి." కాస్త ఆగాడు. "మరీ పసిది. ఆశ పెట్టుకోండి, కొంచెం తక్కువగా పెట్టుకోండి. ఇంట్లో ఇంకెవరున్నారు?"

"నేనే."

"కాదమ్మా, దీన్ని చూసుకోడానికి, మీరు పనిలో ఉన్నప్పుడు..."

"నేనే," అంది మళ్ళీ.

బుధవారం కుక్కపిల్ల లేచింది. ఇంజెక్షను గుణమో, ఒక రోజంతా కడుపులో ఏమీ పడకపోవడం గుణమో, తూలుతూ బల్ల కిందంతా తిరిగింది. ఉప్పునీళ్ళు పెడితే మొహం తిప్పుకుంది. పాలు చూసి దూరం జరిగింది. ఆమె వేళ్ళ దగ్గరికొచ్చి మాత్రం వాసన చూసి తోకాడించింది. బైండరమ్మ ప్రాణం లేచొచ్చింది. కడుపులో ఏదో ఒకటి పడాలి కదా. గోరువెచ్చటి లైలో వేళ్ళు ముంచింది. చీటీలో 'బుధవారం. లేచింది. తిన్నది:' అని రాసి, ఏం రాయాలో తోచక 'కొంచెం' అని పెట్టింది.

గురువారం పొద్దున అది లేవలేదు. వాంతి చేసుకునే ఓపిక కూడా లేనట్టు పడుకున్నచోటే కక్కుకుంది. ఆమె గుడ్డ మార్చింది, నోరు తుడిచింది, ఇక చేసేది లేక రిజిస్టర్ల ముందు కూర్చుంది. సూది ఎక్కడికి పోతోందో తెలియలేదు.

మధ్యాహ్నం ముసురు వెలిసి కొంచెం ఎండ వచ్చింది. పాడైన కాలికో ఉతుకుదామని వెనక వసారాలోకి తెచ్చి విప్పింది. ఉతకలేదు. ఎండలోకి పట్టుకుని అలాగే నిలబడింది. తెల్ల గుడ్డ మీద మరక ఎండి అట్టకట్టింది. దాని అంచు చుట్టూ సన్నగా ఒక గీత ఉంది. ఆకుపచ్చ కాదు, నీలం కాదు, రెంటికీ మధ్యది.

రంగు పోల్చడం ఆమె పని. పాత పుస్తకం వీపు చిరిగితే, ఆ వెలిసిన రంగుకి సరిపోయే గుడ్డని నలభై ముక్కల్లోంచి తీసి పక్కన పెట్టి చూసేది ఆమే. ఆ కన్ను ఎప్పుడూ తప్పలేదు. గుడ్డ పట్టుకునే లోపలికెళ్ళి లై గిన్నె తెచ్చింది. గిన్నె అంచున లై ఎండిపోయిన చోట, ఏళ్ళ తరబడి తోమినా పోని గీత ఒకటి ఉంది. గుడ్డని దాని పక్కన పెట్టింది.

రెండూ ఒకటే.

నీలంరాయి వేశాక నాలిక్కి తగలనివ్వకు.

ఆమె మెట్టు మీద కూర్చుండిపోయింది. గిన్నె చేతిలోంచి జారి దొర్లింది. ఆ చప్పుడుకి లోపలి నుంచి ఏ కదలికా రాలేదు. అప్పుడు లేచింది.

టైర్ల అతను ఆమె మొహం చూసి ఏమీ అడక్కుండా బండి తీశాడు. "ఎక్కక్కా." పెట్టె ఒళ్ళో పెట్టుకుని వెనక కూర్చుంది. దారి పొడుగునా అతనే మాట్లాడాడు. "ఏం నాకిందో ఏమో. వీధి కుక్క బుద్ధి ఎక్కడికి పోతుంది? నీ తప్పేముంది, నువ్వు కన్నబిడ్డలా చూశావు. తప్పంతా నాది, ఊరికే కూర్చున్నదాని నెత్తిన తెచ్చిపెట్టాను." ప్రతి మాటా ముల్లులా దిగింది. నాది అనాలనుకుంది. నోరు రాలేదు.

ఆసుపత్రి వసారాలో వాళ్ళకంటే ముందు ఇద్దరున్నారు. బైండరమ్మ బెంచీ మీద కూర్చుని చీటీ మోకాలి మీద పెట్టుకుంది. 'తిన్నది: కొంచెం' అన్నచోట కొట్టేసింది. పక్కన రాసింది: 'లై. శనివారం నుంచి. రోజుకి రెండుసార్లు. మంగళవారం లేదు.' కలం ఆపి, మళ్ళీ పెట్టింది: 'నా చేత్తో.'

లోపలికెళ్ళి చీటీ ఇచ్చింది. ఇక మాట్లాడాల్సిన పని ఉండదనుకుంది.

"లై అంటే ఏంటమ్మా?" అన్నాడు డాక్టరు.

కాంపౌండరు చూస్తున్నాడు. గుమ్మంలో టైర్ల అతను చూస్తున్నాడు.

"జిగురు. పుస్తకాలకి. మైదాతో చేస్తాం." చీటీ వంక చూసింది. మళ్ళీ మొదలుపెట్టింది. "అందులో మైలుతుత్తం వేస్తాం. పురుగు పట్టకుండా. చిటికెడు. ఈసారి రెండు వేశాను. ముసురని."

డాక్టరు చీటీ కింద పెట్టాడు. "మొన్న అడిగాను కదా."

"అడిగారు."

"అది మంచిది కాదని తెలియదా మీకు?"

"తెలుసు."

"తెలిసి ఎలా పెట్టారు?"

బైండరమ్మ తన చేతుల వంక చూసుకుంది. "ఇంకేదీ తినలేదండీ. నా చేతిలోదే తింది."

టైర్ల అతను తల దించుకుని బయటికెళ్ళి బండి అద్దం తుడవడం మొదలుపెట్టాడు. డాక్టరు కోప్పడతాడని ఆమె ఎదురుచూసింది. కోప్పడితే బాగుండుననీ అనుకుంది. ఆయన అప్పటికే చేతులు కడుక్కుంటున్నాడు.

"మొన్న కళ్ళకి గంతలు కట్టుకుని వైద్యం చేశాను. ఇప్పుడు తెలిసింది, పని మొదలుపెడదాం. కక్కేసింది కాబట్టి ఈమాత్రమైనా ఉంది, లోపలే నిలవుంటే లివరు పోయేది. సెలైను పెట్టు," అన్నాడు కాంపౌండరుతో. ఆమె వైపు తిరిగి, "మూడు నాలుగు రోజులు ఇక్కడుంచాలి. మీరు ఇంటికెళ్ళండి," అన్నాడు.

ఆమె వెళ్ళలేదు. ఆసుపత్రి మూసేదాకా వసారాలో బెంచీ మీద కూర్చుంది. మర్నాడు పొద్దున తెరవకముందే వచ్చి కూర్చుంది. కాంపౌండరు ఆమెని దాటుకుని వెళ్ళిన ప్రతిసారీ ఒక ముక్క చెప్పిపోయేవాడు. "ఉందమ్మా." "ఉచ్చ పోసింది, మంచిదే." "నన్ను కరవబోయింది. పళ్ళు లేవు గానీ పొగరుంది." మధ్యలో షాపుకెళ్ళి రెండు రిజిస్టర్లు కుట్టి వచ్చేది. కుడుతూ ఉండగా దారం తెగితే, "ఒసేయ్, నీ వల్లే," అని బల్ల కిందికి చూసేది.

ఆదివారం మరదలు ఫోన్ చేసింది.

"నీ పోలీసెలా ఉంది వదినా?"

"ఆసుపత్రిలో ఉంది. కడుపు బాగాలేదు."

"అయ్యో! ఏం తినిందేంటి?"

బైండరమ్మ ఫోను చెవికి ఆనించుకుని గోడకున్న బీటని చూసింది. ఆసుపత్రిలో ఎలా చెప్పగలిగిందో ఆమెకే అర్థం కాలేదు. "తెలీదు," అంది.

"అందుకే చెప్పాను, వినవుగా," అని మరదలు వేరే సంగతుల్లోకి వెళ్ళింది.

సోమవారం కాంపౌండరు వసారాలోకొచ్చి లోపలికి రమ్మని చెయ్యూపాడు. కుక్కపిల్ల బల్ల కింద నిలబడి ఉంది. పక్కటెముకలు బయటపడ్డాయి గానీ కాళ్ళు తూలడం లేదు. కాంపౌండరు నానబెట్టిన రొట్టె ముక్క వేళ్ళతో పట్టుకుంటే లాక్కుని మింగి, వేళ్ళు కూడా నాకింది.

"చూశారా, తిండిపోతైపోయింది. రండి, మీరు పెట్టండి. మీ కోసమే చూస్తోంది."

బైండరమ్మ పంపు దగ్గర చేతులు మూడుసార్లు సబ్బుతో రుద్ది కడుక్కుంది. చీరకొంగుతో తుడుచుకుంది. రొట్టె ముక్క తీసుకుని, నేల మీద కూర్చుని, చెయ్యి చాపింది.

కుక్కపిల్ల ఆమె మొహం చూసి తోకాడించింది. రెండడుగులు వేసింది. వేళ్ళ వాసన తగలగానే ఆగింది. చెవులు వెనక్కి పెట్టి, మెల్లగా, కాళ్ళు నేలకి రాస్తూ వెనక్కి జరిగి గోడకు అతుక్కుంది.

"నాలుగు రోజులైంది కదా... మర్చిపోయుంటుంది," అన్నాడు కాంపౌండరు.

"మర్చిపోలేదు," అంది బైండరమ్మ. రొట్టె ముక్క నేల మీద పెట్టి లేచింది.

ఇంటికి తెచ్చాక నిమ్మచెక్కతో రుద్దింది. కిరసనాయిలుతో తుడిచింది, మళ్ళీ సబ్బు. నలభై ఏళ్ళ వాసన చర్మం కింద ఎక్కడో ఉంది, ఆమె ముక్కుకు తెలియదు, దాని ముక్కుకు తెలుసు. చెయ్యి దగ్గరికెళితే చాలు, వెనక్కి పోయేది. కోపం లేదు, అరవదు. అంతదూరం జరిగి, ఆమె మొహం వైపు చూస్తూ కూర్చునేది. గిన్నెలో పెట్టి ఆమె దగ్గర నిలబడితే గిన్నె ముట్టదు.

మర్నాడు టైర్ల అతను వచ్చాడు. గ్రీజు చెయ్యి చాపితే అది పరిగెత్తుకెళ్ళి ఆ చెయ్యి నాకింది.

"చూడక్కా, రబ్బరు వాసనకి పడి చచ్చిపోతోంది!" అని నవ్వబోయి, ఆమెని చూసి నవ్వు మింగేశాడు.

"నువ్వు తీసుకుపో," అంది బైండరమ్మ.

"ఏంటీ?"

"నీ దగ్గరే ఉండనీ. నా చెయ్యి దానికి పడదు. పడకపోవడం న్యాయమే."

అతను చెవి మీద పెట్టుకున్న పెన్సిలు తీసి, దాని మొన చూసి, మళ్ళీ పెట్టుకున్నాడు. అతనికి చమత్కారం తప్ప ఓదార్పు రాదు. "నాకు ఎలుకలు లేవక్కా. ఉన్నా టైరు కొరికితే వాటి పళ్ళే పోతాయి." లేచి, మెట్టు దిగుతూ వెనక్కి తిరిగాడు. "చెయ్యి పడకపోతే పోయింది. గిన్నెలో పెట్టి నువ్వు నీ పని చేసుకో. నువ్వు పహారా కాస్తే పెళ్ళికొడుకైనా తినడు."

ఆ మాట ఆమెని రెండు రోజులు వదల్లేదు.

గురువారం పొద్దున ఆమె చిన్న గిన్నెలో లై చేసింది, ఆ ఒక్క పూటకి సరిపోయేంత. నీలంరాయి సీసా అందకుండా అల్మారా పైకెక్కించి రెండు రోజులైంది. ఇక రోజూ పొద్దున్నే ఉడకబెట్టుకోవాలి. అట్టలకు పురుగు పడితే ఏం చేయాలో ఇంకా తేల్చుకోలేదు. గంటె డుబ్బుమనగానే దించింది. చల్లారాక, కొన్ని దశాబ్దాల తర్వాత మొదటిసారి, వేలు ముంచి నాలుకకు రాసుకుంది. చప్పగా ఉంది. ఉప్పు లేని దేనిలాగానో ఉంది.

తర్వాత గిన్నెలో పాలు పోసి, రొట్టె చిదిపి వేసింది. తన చెయ్యి తగలకుండా గిన్నెని పాత గుడ్డతో పట్టుకుని గుమ్మం దగ్గర పెట్టింది. పనిబల్ల దగ్గరికెళ్ళి, కుర్చీని అవతలి వైపుకి తిప్పుకుని, గుమ్మానికి వీపు పెట్టి కూర్చుంది. హాజరు రిజిస్టర్లలో ఆఖరిది మిగిలింది. సూదిలోకి దారం ఎక్కించబోతే కన్నం కనబడలేదు. ఊరికే పట్టుకుని కూర్చుంది.

వీధిలో ఒక బండి వెళ్ళింది. టైర్ల షాపులో గాలి పట్టే మిషను మొదలై ఆగిపోయింది. నేల మీద గోళ్ళ చప్పుడు, నాలుగడుగులు. ఆగాయి. ఆమె తల తిప్పలేదు. మళ్ళీ రెండడుగులు.

తర్వాత వినబడింది. ముందు టక్కు టక్కుమని, పలుచగా, పాలు. కాసేపటికి డుబ్బు డుబ్బుమని, అడుగున నానిన రొట్టె. గిన్నె నేలకి రాసుకుంటూ అంగుళం జరిగింది. ఖాళీ గిన్నెను నాలుక గీరుతున్న చప్పుడు. ఆమె చివరిదాకా విన్నది.

గోళ్ళు వెనక్కి తిరిగాయి. దగ్గరికి రాలేదు. గది మధ్యలో, ఎండ పడేచోట అనుకుంటా, ఒక్కసారి ఒళ్ళు దులుపుకుని పడుకున్న చప్పుడైంది.

బైండరమ్మ బల్ల సొరుగు తీసి చీటీ బయట పెట్టింది. ముందూ వెనకా నిండిపోయింది, అడుగున ఒక్క గడి మాత్రం అలాగే ఉంది. చేయాల్సిన పని. కలం మూత తీసి రాసింది: 'గిన్నె గుమ్మం దగ్గర పెట్టాలి. వెనక్కి తిరిగి చూడకూడదు.'

సిరా ఆరేదాకా ఆగి, చీటీని మేకుకి గుచ్చింది. ఈసారి దారం మొదటిసారికే ఎక్కింది.